బోరు కింద ఎండాకాలం పంట వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

విత్తనం కొనకముందే నీళ్లు కొలవండి. అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఈ లెక్క తప్పడమే. మోటారు వేయగానే వచ్చే ధార చూసి మురిసిపోవద్దు. మూడు గంటలు నడిచాక 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఎంతసేపట్లో నిండిందో చూడండి. 100 సెకన్లు పడితే గంటకు 7,200 లీటర్లు వస్తున్నట్టు. ఎండలు ముదిరాక రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే, ఎకరానికి దాదాపు 20 వేల లీటర్లు పడతాయి. మోటారు ఆరు గంటలు నడిస్తే రెండెకరాలకే సరి. ఆశపడి మూడో ఎకరం కూడా వేస్తే, సరిగ్గా పూత మీద మూడూ వాడిపోతాయి.

నీటి పరీక్ష చేయించండి. ఉప్పు ఎక్కువైతే నేల తడిగా ఉన్నా వేరు నీళ్లు పీల్చలేదు.

డ్రిప్ పైపుల చివర మూతలు విప్పి నీళ్లు వదలండి. మొదట బురద వస్తుంది, తేటబడేదాకా ఆపొద్దు. అది లోపలే ఉండిపోతే చివరి మొక్కలకు చుక్క అందదు.

ఫిల్టరు కడగండి.

తడి ఇచ్చే ముందు జానెడు లోతు మట్టి తీసి పిసకండి. ఉండ కడితే ఆ రోజుకు ఆగొచ్చు. పైన ఆరినట్టున్న నేల లోపల చల్లగా ఉండడం మామూలే. ఇసుక నేలకు మాత్రం ఈ గుర్తు పనికిరాదు.

సాళ్ల మధ్య ఎండుగడ్డి పరవండి, ఆవిరి తగ్గుతుంది. మొక్క మొదలుకు తగలనివ్వకండి, కుళ్లు పట్టుకుంటుంది.