వాటర్‌షెడ్‌లో ఊరోళ్లని కలుపుకోవడం, 3వ పాఠం: ముగ్గు మ్యాప్, గట్టు నడక, బోరు లెక్క

వాటర్‌షెడ్ అంటే ఒక వంకలోకి నీళ్లు వచ్చి చేరే భూమంతా, అక్కడ వాన నీళ్లనీ మట్టినీ ఆపే పనికి ఊరోళ్లని ఎలా కలుపుకోవాలో చెప్పుకుంటున్నాం. పోయిన పాఠంలో గ్రామసభ దాకా వచ్చాం. ఎవరెవరిని పిలవాలి, పిలిచినా ఎవరు రారు, రానోళ్ల ఇంటికి మనమే ఎందుకు పోవాలి అని చెప్పుకున్నాం కదా. హోంవర్క్‌గా మీ ఊర్లో బోరున్నోళ్లు, బోరు లేనోళ్లు, భూమే లేనోళ్లు, జీవాలున్నోళ్లు, బెంగళూరుకో హైదరాబాదుకో వలసపోయి పొలం బీడు పెట్టినోళ్లు అని విడివిడిగా లిస్టు రాయమన్నా. ఆ లిస్టు ముందు పెట్టుకోండి, ఈ పాఠమంతా దాంతోనే పని. రాయకపోతే ఇక్కడే ఆగి రాసుకుని రండి.

ఈసారి మూడు పనులు. మొదటి రెండూ చాలామందికి తెలిసినవే కాబట్టి తొందరగా పోదాం, మూడోదాని దగ్గర నిదానంగా కూర్చుందాం.

ముందు ముగ్గు మ్యాప్. రచ్చబండ దగ్గరో స్కూలు గ్రౌండులోనో నేల చిమ్మించి, ముగ్గుపిండి, పసుపు, ఇటుక పొడి, బొగ్గు, చింతగింజలు అక్కడ పెట్టండి. "అక్కా, మీ ఊరు ఒకసారి గీసి చూపించండి, గుట్ట ఎక్కడ, వంక ఎక్కడ, చెరువెక్కడ" అని చెప్పి మీరు వెనక్కి జరగండి. ఈ వెనక్కి జరగడమే మనోళ్లకి చేతకాదు, వేలు పెట్టి చూపిస్తుంటారు, కాసేపటికి ముగ్గు కూడా లాక్కుంటారు. పిండి ఎవరి చేతిలో ఉంటే మ్యాప్ వాళ్లదే అవుద్ది. ఊరి పెద్దమనిషి తాలూకు కుర్రాడు గీస్తే రోడ్డు, గుడి, పెద్దాయన మామిడి తోట బ్రహ్మాండంగా వస్తాయి, కాలనీ మాత్రం ఒక మూల చుక్కలా మిగులుద్ది. అందుకే ఆడవాళ్లతో వేరుగా, గొర్రెలోళ్లతో వేరుగా ఇంకో రెండు మ్యాపులు వేయించండి, పొద్దు పోయినా సరే. ఆడవాళ్ల మ్యాపులో ఎండాకాలం తాగునీళ్లు ఏ బోరు నుంచి మోస్తారో, గడ్డి ఎవరి గట్ల మీద కోస్తారో, కట్టెలకి ఎంత దూరం పోతారో వస్తాయి, ఇవి ఏ శాటిలైట్ ఫొటోలోనూ కనపడవు. చివర్లో ఒక్క ప్రశ్న అడగండి: ఈ మ్యాపులో లేని ఇల్లు ఏది? కాసేపు ఎవరూ మాట్లాడరు, తర్వాత ఎవరో ఒకరు చెప్తారు, ఆ ఇంటికి మీరు పొద్దున్నే పోవాలి. ఇక ఆ మ్యాపుని చార్టు మీదకి ఎక్కించాక ఒరిజినల్ ఊర్లోనే ఉండాలి, మీరు కావాలంటే ఫోన్లో ఫొటో తీసుకోండి.

రెండోది గట్టు నడక. గుట్ట పైనుంచి వంక దాకా నడవడం, అంతే. జీపులో పోయి దిగి చూసి రావడం నడక కాదు. వెంట నలుగురు ఉండాలి: గొర్రెలాయన ఒకరు, బోరున్న రైతు ఒకరు, కూలికి పోయే ఆవిడ ఒకరు, వంక కింద పొలమున్నాయన ఒకరు. వాన పడిన మర్నాడు పోతే ఇంకా మంచిది, నీళ్లు ఏ దారిన పోయాయో నేలే చెప్పుద్ది. నేల పేర్లు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, ఎర్ర నేల, గరువు, నల్లరేగడి, చౌడు, రాళ్ల చెలక. మట్టి లోతు తెలియాలంటే గడ్డపార గుచ్చి చూపించమనండి, ఆ రైతుకి తెలిసినంత మనకి తెలియదు.

నడకలో ఒక చిన్న లెక్క చెప్పి చూడండి, పనికొస్తది. ఎకరం మీద 1 మిల్లీమీటర్ వాన పడితే సుమారు 4,000 లీటర్లు. గంటలో 30 మిల్లీమీటర్లు దంచితే ఒక ఎకరం మీదే 1,20,000 లీటర్లు. ఇందులో ఎంత ఇంకింది, ఎంత మట్టిని లాక్కుని వంకలోకి పోయింది అన్నది అక్కడే గండి దగ్గర నిలబడి మాట్లాడుకోవచ్చు. గట్టు నుంచి పల్లానికి పని చేసుకు రావాలి అని గైడ్‌లైన్స్‌లో ఎన్నిసార్లు రాసినా చెక్ డ్యాం మాత్రం ముందు కింద వంకలోనే లేస్తది, ఎందుకంటే సిమెంటు పని అక్కడే ఉంది, పైగా ఎవరి బోరు పక్కన వాళ్లకి కావాలి. పైన గుట్ట అలాగే వదిలేస్తే ఆ చెక్ డ్యాం కొన్నేళ్లకే పూడికతో నిండుద్ది. ఈ మాట మనం చెప్తే లెక్చరు, అదే వంక కింద రైతు పైన రాళ్ల చెలక చూసి "మా కుంటలోకి వచ్చే మట్టి ఇక్కడిదే" అంటే అందరికీ ఎక్కుద్ది.

గొర్రెలాయన ఊరికే నడవడు, గుట్ట మీద ఆగి తప్పకుండా అడుగుతాడు. "సారూ, ఈడ మీరు ట్రెంచులు తవ్వి మొక్కలు పెడితే మా జీవాలు యాడికి పోవాల?" దీనికి జవాబు లేకుండా గుట్ట ఎక్కొద్దు. గుట్టంతా ఒకేసారి మూయకుండా ఒక పక్క మూస్తే ఇంకో పక్క తెరిచి ఉంచడం, మూసిన చోట స్టైలో హమాటా లాంటి మేత మొక్క విత్తనం చల్లి కోసుకుపోయే హక్కు ముందు గొర్రెలోళ్లకే ఇవ్వడం, ఇట్లాంటివి అక్కడే మాట్లాడి సాయంత్రం తీర్మానం పుస్తకంలో రాయించండి. రాయకపోతే మొదటి వానకి మొక్కలు పెడతారు, రెండో ఎండాకాలానికి మేకలు తినేస్తాయి, మళ్లీ తప్పు మేకలదే అంటారు.

ఇప్పుడు అసలు పని, బోరు లెక్క. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 1995 నుంచి నెదర్లాండ్స్ సాయంతో ఏపీవెల్ అని ఒక ప్రాజెక్టు నడిచింది, చిన్న రైతులకి ఉమ్మడి బోర్లు వేయించారు. బోర్లు వేసుకుంటూ పోతే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అన్న ప్రశ్న రావాల్సిందే కదా, వచ్చింది. దాంట్లోంచి 2003 ప్రాంతంలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ పుట్టింది, అంటే భూగర్భజలాన్ని రైతులే చూసుకునే ప్రాజెక్టు. తర్వాత ఎఫ్ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడయింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, మొత్తం ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఇందులో నాకు నచ్చింది ఏంటంటే వరి మానేస్తే సబ్సిడీ అని ఎరవేయలేదు, బోరు వేస్తే జరిమానా అని బెదిరించలేదు, కొలవడం నేర్పించారు, అంతే. వాన కొలిచేది రైతే, పదిహేను రోజులకోసారి బోరులో నీటిమట్టం చూసేది రైతే, గోడ మీద బోర్డులో రాసేది కూడా రైతే. రబీకి ముందు ఊరంతా కూర్చుని, వానాకాలంలో ఇంకింది ఇంత, మనం వేద్దామనుకున్న పంటలకి కావాల్సింది ఇంత అని లెక్కేసుకుని ఎవరి పంట వాళ్లు తేల్చుకున్నారు. చాలా ఊళ్లలో వరి తగ్గించి ఆరుతడి పంటలకి మారారు, ఆర్డరు ఎవరూ వేయకుండానే.

సరే, మీరు ఎలా మొదలుపెట్టాలి? ఊర్లో నాలుగైదు బోర్లు ఎంచుకోండి, గుట్ట దగ్గరిది, మధ్యది, వంక పక్కది, అన్ని రకాలూ రావాలి, బోరు యజమాని ఒప్పుకోవాలి. నీటిమట్టం చూసే పరికరం ఉంటది, టేపు చివర నీళ్లు తగలగానే బీప్ అంటది. సబ్‌మెర్సిబుల్ ఉన్న బోరులో వైరు, పైపు మధ్య అది ఇరుక్కుంటది, కాబట్టి మోటరు ఎప్పుడైనా రిపేరుకి పైకి తీసినప్పుడు పక్కన సన్న ప్లాస్టిక్ పైపు ఒకటి దింపించుకోండి, దాంట్లోంచి టేపు వదలొచ్చు. కొలిచే టైముకి మోటరు ఆగి కొన్ని గంటలైనా అయ్యుండాలి, తెల్లవారి కరెంటు రాకముందు అయితే సరిగ్గా ఉంటది. కేసింగ్ పైపు అంచు మీద పెయింటుతో ఒక గీత పెట్టి ప్రతిసారీ అక్కడి నుంచే కొలవాలి, లేకపోతే ఒకసారి నేల నుంచి, ఒకసారి పైపు పైనుంచి కొలిచి రెండడుగుల తేడా వస్తది, దాని మీద ఊరంతా తగువు.

నీళ్లు ఎంత పోస్తుందో చూడడానికి పరికరం కూడా అక్కర్లేదు, 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. డ్రమ్ము 80 సెకన్లలో నిండింది అనుకోండి. సెకనుకి రెండున్నర లీటర్లు, గంటకి 9,000 లీటర్లు. మోటరు రోజుకి 7 గంటలు ఆడితే 63,000 లీటర్లు. వంద రోజులకి 63 లక్షల లీటర్లు. ఇది రైతు చేతే కూడించండి, ఫోన్ కాలిక్యులేటర్ ఆయన చేతికే ఇవ్వండి.

ఇప్పుడు పంట వైపు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. రబీ వేరుశనగకి 500 అనుకుంటే 20 లక్షలు. జొన్నో సజ్జో అయితే 350 అనుకున్నా 14 లక్షలు. నేలని బట్టి, ఎండని బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి, అయినా తేడా ఎంత ఉందో చూడండి. ఆ బోరు కింద వరి పెడితే ఎకరం పావు, వేరుశనగ అయితే మూడెకరాలు, జొన్న అయితే నాలుగున్నర. ఇంకో మెలిక ఉంది, ఈ డ్రమ్ము లెక్క నవంబర్లో చేసి ఏప్రిల్ దాకా అలాగే పోస్తుంది అనుకుంటే పంట గింజ పోసుకునే టైముకి ఎండిపోద్ది. పోయిన ఎండాకాలం చివర్లో అదే డ్రమ్ము ఎంతసేపట్లో నిండిందో అడగండి, గుర్తు లేకపోతే ఈ ఏడాది నుంచి రాయించండి, ఆ చివరి లెక్క మీదే ఎకరాలు తేల్చుకోవాలి.

గట్టిగా పట్టుకోవాల్సిన రూలు ఒకటుంది. రీడింగు తీసేది, రాసేది, మీటింగులో చదివేది ఊరోళ్లే. మీరు రాసిన రిజిస్టరు మీ ఆఫీసు బీరువాలోకి పోద్ది, వాళ్లు పాల కేంద్రం గోడ మీద రాసింది పాలు పోసే ప్రతి ఒక్కరూ చూస్తారు. ఒక బోరు మట్టం రెండు వారాల్లో పది అడుగులు దిగిందని గోడ మీద పడ్డాక పక్క బోరాయన అడగకుండా ఉంటాడా? "నువ్వు రాత్రంతా ఆడిస్తన్నావు గదన్నా" అని మొదలవుద్ది. తగువు వచ్చిందని కంగారు పడొద్దు, ఆ తగువు నంబరు మీద జరుగుతుంది, మామూలుగా అయితే కులం మీదో పార్టీ మీదో జరిగేది. మీరు మధ్యలో దూరి తీర్పు చెప్పకండి.

రీసెర్చ్ వాళ్లు కూడా ఇది చదువుతున్నారు కాబట్టి ఒక ముక్క. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద వెడల్పు మళ్లు, కాలువల పద్ధతితో దీర్ఘకాలం ప్రయోగం నడుస్తోంది, దిగుబడి పాత పద్ధతి కంటే ఎన్నో రెట్లు. 1980ల్లో ఆ ప్యాకేజీని ఊళ్లకి తీసుకెళ్లారు, అనుకున్నంతగా నిలవలేదు. 1999లో శంకర్‌పల్లి దగ్గర కొత్తపల్లిలో దారి మార్చారు. ఇక్రిశాట్ ఒక్కటే కాకుండా క్రీడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ), జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ, జిల్లా యంత్రాంగం, ఒక స్వచ్ఛంద సంస్థ, రైతులు కలిసి కూర్చున్నారు. చెక్ డ్యాముల దాకా ఆగకుండా ఎవరి పొలంలో వాళ్లకి మొదటి ఏడాదే కనపడే పనులు పెట్టారు, మంచి విత్తనం, తేమ నిలిపే మళ్లు, గట్ల మీద పచ్చిరొట్టకి గ్లైరిసీడియా చెట్లు, వర్మీ కంపోస్టు. చెక్ డ్యాం పక్కన బోరు లేని రైతుకి కూడా ఏదో ఒకటి దక్కితేనే మీటింగుకి వస్తాడు, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు.

మరి భూమే లేనోళ్ల సంగతి? కూలి పని నాలుగు నెలలు దొరుకుద్ది, తర్వాత నీళ్లు పెరిగితే అవి బోరున్నోళ్లవే. ఇది వాటర్‌షెడ్‌లో అసలైన గడ్డు ప్రశ్న, చాలామంది దాటేస్తారు. హర్యానాలో సుఖోమాజ్రి అనే ఊర్లో 1970ల చివర్లో కట్టిన చిన్న చెరువు నీళ్లలో భూమి లేని ఇంటికి కూడా వాటా ఇచ్చారు, అందుకే గుట్ట మీద మేత ఆపడానికి ఊరంతా ఒప్పుకుంది. మహారాష్ట్రలో పానీ పంచాయత్ అనే నీటి పంపకం ఉద్యమం కూడా నీటిని భూమిని బట్టి కాకుండా ఇంట్లో మనుషుల్ని బట్టి పంచింది. మన దగ్గర బోరు నీళ్లు పంచడం కష్టం, కానీ ఊట చెరువులో చేపలు, ఉమ్మడి భూమిలో గడ్డి, సీతాఫలం, కానుగ కాయల మీద హక్కు అయినా ముందే రాయొచ్చు.

ఇదే చోట ఇంకో మాట. వాటర్‌షెడ్ పనులకి కేంద్రం ఇచ్చిన 2008 ఉమ్మడి గైడ్‌లైన్స్‌లో సొంత పొలంలో చేసే పనికి రైతు ఖర్చులో 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న సన్నకారు రైతులైతే 5 శాతం వాటా కట్టాలని, ఆ డబ్బు నిర్వహణ ఫండులో పడాలని ఉండేది. కాగితం మీద బాగుంది. చాలా చోట్ల జరిగేది ఏంటంటే ఆ వాటాని కూలోళ్ల మస్టర్లోంచే, అంటే హాజరు పట్టీ మీద వచ్చే కూలి డబ్బులోంచే కోసేస్తారు, పొలమున్నాయన పైసా పెట్టడు, గట్టు మాత్రం ఆయనకి పడుద్ది. వాటా ఎవరు కట్టారు అన్నది కూడా అదే పాల కేంద్రం గోడ మీద, బోరు రీడింగుల పక్కనే రాయించండి.

ఈసారి హోంవర్క్: ఒక్క బోరు పట్టుకోండి, మీదైనా మామదైనా సరే. డ్రమ్ము పరీక్ష చేసి గంటకి ఎన్ని లీటర్లో తేల్చి, వంద రోజుల లెక్క కట్టి, ఆ బోరు కింద ఈ రబీలో ఏం వేశారో, ఆ పంటకి ఎన్ని లక్షల లీటర్లు కావాలో పక్కన రాయండి. రెండు నంబర్లకీ పొంతన లేకపోతే మిగతా నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని ఆ రైతునే అడిగి ఆయన మాటల్లోనే రాసుకోండి. 4వ పాఠంలో రైతు పొలంలో ట్రయల్ ఎలా పెట్టాలి, పోల్చి చూసే మడి ఎవరు ఎంచుకోవాలి, ఆడవాళ్లు చింతగింజలతో రకాలకి మార్కులు ఎలా వేస్తారు అన్నది చూద్దాం. దానికి ఒక గుప్పెడు చింతగింజలు, నాలుగు గిన్నెలు రెడీగా పెట్టుకోండి.