చేప తింటోంది, ఒళ్లు పడట్లేదా? ముందు మేతలోని సోయా ఉడికిందో లేదో చూడండి

వానలు తగ్గి చలి ఇంకా మొదలవ్వని రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో దాదాపు అన్నీ ఒకటే మాట. "అన్నా, చేప మేత మంచిగనే తింటుంది, ఒళ్లు మాత్రం పడతలేదు." నర్సంపేట, పరకాల వైపు నుంచి చేస్తారు, అటు జగిత్యాల, నిజామాబాద్ నుంచి కూడా చేస్తారు. ప్రతి ఒక్కరికీ అదే చెప్పి చెప్పి ఇక రాసిపెడదామని కూర్చున్నాను.

ఇది రవ్వ, బొచ్చె, మోసు, బంగారుతీగ సొంత చెరువులో పెంచుతూ, తవుడు, చెక్క (గింజల నూనె తీశాక మిగిలే పిప్పి), సోయా, మక్కలు కలిపి మేత ఇంట్లోనే తయారు చేసుకునేవాళ్ల కోసం. పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువుల్లో పిల్లల్ని వదిలి పట్టుకునే చోట మేత లెక్కే లేదు కాబట్టి అక్కడికి ఇది వర్తించదు. సున్నం ఎంత చల్లాలి, మేత ఏ పూట వేయాలి వంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు తూకం వేశారా?

పదిమందిలో ఎనిమిదిమంది వేయరు. గట్టు మీద నిలబడి కంటితో చూసి "పెరగలేదు" అంటారు. విసురు వల వేసి, ఒక్కో రకంలో కనీసం 30 చేపలు పట్టి, బకెట్‌లో నీళ్లతో తూచి, నీళ్ల బరువు తీసేసి, సగటు ఎంతో పుస్తకంలో రాయండి. 15 రోజులకోసారి ఇది చేయాలి. రవ్వ లెక్క వేరు, బొచ్చె లెక్క వేరు, రెండూ కలిపి తూచారంటే ఆ అంకెతో ఏ పనీ జరగదు. ఎందుకో కింద చెప్తాను.

తూచేటప్పుడే వలలో ఇంకేం పడుతున్నాయో కూడా చూడండి. కాకతీయ కాలువ నీళ్లు పెట్టుకుని, నీళ్లు వచ్చే తూముకు సన్న జాలీ కట్టని చెరువుల్లో జెల్లలు, చిన్న పరకలు వేలల్లో చేరతాయి. మీ మేత అవి తింటుంటే రవ్వ ఎలా పెరుగుతుంది? జాలీ కట్టండి, ఉన్నవాటిని సన్నకన్ను వలతో లాగి తీసేయండి. ఇది మేత సమస్య కాదు.

లక్షణం: మేత మిగిలిపోతోంది

బస్తాలకు రంధ్రాలు పెట్టి కర్రలకు కట్టేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది, సాయంత్రం తీసి చూస్తే బస్తా అడుగున మేత ముద్దలా ఉంటుంది. చలికాలంలో నీళ్లు 20 డిగ్రీల దగ్గరికి దిగితే చేప తినడం తగ్గిస్తుంది, మీరు కూడా మేత తగ్గించాలి, అంతే. చలి లేకపోతే తెల్లవారుజామున ఆక్సిజన్ చూడండి, లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా కిందికి పోతే చేపకు తిండి మీద ధ్యాస ఉండదు. అదీ బాగానే ఉంటే తవుడు వాసన చూడండి. రైస్ మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడులో నూనె ఉంటుంది, అది కొద్ది రోజులకే ముక్కిపోతుంది, ముక్కిన తవుడు పెడితే చేప ఇష్టంగా తినదు. నూనె తీసిన తవుడు వాడితే ఈ గొడవ ఉండదు.

లక్షణం: మేత అంతా అయిపోతోంది, బరువు మాత్రం రావట్లేదు

అసలు విషయం ఇది. దీని వల్ల నేను ఒక పంట పోగొట్టుకున్నాను.

ఎకరంన్నర చెరువులో 100 గ్రాముల సైజు పిల్లల్ని వేశాను. ఆ ఏడు చుట్టం ఇంట్లో సోయా బాగా పండింది, మార్కెట్లో రేటు లేదు. సోయాలో 38, 40 శాతం ప్రోటీన్ ఉంటుందని తెలుసు కదా, పల్లి చెక్క కొనడం ఎందుకని ఆ గింజల్ని తెచ్చి గిర్నీలో పట్టించి, తవుడులో కలిపి పెట్టాను. చేప ఎగబడి తిన్నది. నాలుగు నెలలకు రవ్వ 190 గ్రాములు దాటలేదు. తల పెద్దగా, ఒళ్లు సన్నగా, చేతిలో పట్టుకుంటే వెన్ను గుచ్చుకునేలా ఉంది. మేతను ల్యాబ్‌కి పంపిస్తే ప్రోటీన్ 27 శాతం అని వచ్చింది. రిపోర్టు బాగుంది కాబట్టి మేత బాగుందనుకుని నీళ్ల మీద పడ్డాను, సున్నం చల్లాను, నీళ్లు మార్చాను, మందులు పోశాను. ల్యాబ్ చెప్పింది తప్పు కాదు. ఆ పరీక్ష మేతలో నత్రజని ఎంతుందో కొలిచి దాన్నుంచి ప్రోటీన్ లెక్క కడుతుంది. అందులో ఎంత అరుగుతుందో అది చెప్పదు.

పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థం ఉంటుంది. ట్రిప్సిన్ అంటే పేగులో ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్, జీర్ణరసంలో ఉంటుంది. కార్ప్ జాతి చేపల్లో, అంటే మన రవ్వ, బొచ్చె, మోసు, బంగారుతీగ, గడ్డిచేప అన్నింట్లోనూ, మనకున్నట్టు ఆమ్లం ఊరే జీర్ణకోశం ఉండదు. నోటి నుంచి గొంతు, గొంతు నుంచి నేరుగా పేగు. కొర్రమట్టకు జీర్ణకోశం ఉంది, వీటికి లేదు. అందుకే ప్రోటీన్ అరిగించే పనిలో ఎక్కువ భారం ట్రిప్సిన్ మీదే పడుతుంది, మీరు పెట్టే పచ్చి సోయా సరిగ్గా దాన్నే కట్టేస్తుంది. సోయా ప్రోటీనే కాదు, దాంతో కలిపి పెట్టిన పల్లి చెక్క ప్రోటీన్ కూడా సరిగా అరగదు. చేప తింటుంది, సగం రెట్టలో పోతుంది.

ఇది అంత తేలిగ్గా దొరకకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. అరగని ప్రోటీన్ నీళ్లలో కలిస్తే ఎరువు వేసినట్టే. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారతాయి, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి, చూసిన ప్రతి ఒక్కరూ "నీళ్లు చెడిపోయినయ్" అంటారు. నీళ్లు చెడిపోయిన మాట నిజమే, కానీ చెడగొట్టింది మేత. ఇంకో గుర్తు: బొచ్చె పైన ఉండే సూక్ష్మజీవుల్ని తిని బతకగలదు కాబట్టి అది ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది, రవ్వ మాత్రం ఆగిపోతుంది. రకాల వారీగా వేరుగా తూచమన్నది ఇందుకే. బొచ్చె పెరుగుతూ రవ్వ ఆగిందంటే నేను ముందు అడిగే మాట, "సోయా ఎక్కడిది?"

ఎలా పరీక్షించాలి

ఖర్చు లేదు, అరగంట చాలు. పచ్చి సోయాలో యూరియేజ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది, అది యూరియాని అమ్మోనియాగా మారుస్తుంది. గింజ సరిగా ఉడికితే ఇదీ చస్తుంది, ట్రిప్సిన్‌ని అడ్డుకునేదీ చాలా వరకు చస్తుంది. అందుకే ఒకటి చూసి రెండోది చెప్పొచ్చు.

మూతలున్న రెండు సీసాలు తీసుకోండి. సబ్బు జిడ్డు లేకుండా బాగా కడగాలి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది. రెండింట్లోనూ ఒక్కో చెంచా యూరియా, అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు. మరీ వేడి నీళ్లు వద్దు, ఎంజైమ్ అక్కడే చచ్చి ఏ సోయా అయినా పాస్ అయిపోతుంది. ఒక సీసాలో మాత్రం రెండు చెంచాల సోయా పిండి వేసి కలపండి, రెండో దాంట్లో వేయొద్దు. మూతలు పెట్టి 20 నిమిషాలు వదిలేసి, ఒక్కోటి తెరిచి వాసన చూడండి. ఇప్పుడు దొరికే యూరియాకు వేప పూత ఉంటుంది కాబట్టి దానికంటూ ఒక వాసన ఉంటుంది, ఆ రెండో సీసా పోల్చుకోవడానికే. పచ్చి సోయా ఉన్న సీసా తెరవగానే అమ్మోనియా ఘాటు ముక్కులోకి కొడుతుంది, కాబట్టి మూతి మీద ముక్కు పెట్టకండి, చేత్తో విసురుకుని చూడండి.

జలుబు చేసి వాసన తెలియకపోతే రెండింట్లో చిటికెడు పసుపు వేయండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, అమ్మోనియాకూ అలాగే మారుతుంది. పచ్చి సోయా ఉన్న సీసా ఇటుక రంగు వైపు తిరుగుతుంది, ఉడికిన సోయా అయితే పసుపుగానే ఉంటుంది. సీసాలో సబ్బు మిగిలినా పసుపు ఎర్రబడుతుంది, కడగమన్నది అందుకు. అయిపోయాక ఆ నీళ్లు చెరువుకు దూరంగా పారబోయండి.

కొన్న సోయా చెక్కకూ ఇదే పరీక్ష చేయండి. పెద్ద ఫ్యాక్టరీలో నూనె తీసిన చెక్క ఆవిరితో ఉడికే వస్తుంది, మామూలుగా ఇబ్బంది ఉండదు. చిన్న గానుగల్లో ఆడించిన చెక్క, బస్తా మీద ఏమీ రాయని లూజు పిండి, ఇవి మాత్రం నమ్మొద్దు, లోడు దిగగానే చూడండి.

బాగు చేయడం

గింజల్ని రాత్రంతా నానబెట్టండి, పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో వేయండి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక అరగంట లెక్క పెట్టండి. పొయ్యి ముట్టించినప్పటి నుంచి కాదు, తెర్లినప్పటి నుంచి. ఒక గింజను వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా విడిపోవాలి, నోట్లో వేసుకుంటే పచ్చి చిక్కుడు వాసన రాకూడదు. ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టి అప్పుడు గిర్నీకి పట్టుకెళ్లండి. తడి ఉండగా బస్తాలో పోస్తే బూజు వస్తుంది.

కళాయిలో వేయిస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. పై తొక్క మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. బాగా మాడ్చారంటే అదో నష్టం, మాడిన సోయాలో లైసిన్ (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) దెబ్బతిని చేపకు అందదు. ఇంకోటి గుర్తుంచుకోండి: సీసా పరీక్ష పచ్చిదనాన్ని మాత్రమే పట్టిస్తుంది, మాడిన సోయా కూడా అందులో పాస్ అవుతుంది. ముదురు గోధుమ రంగు, మాడు వాసన ఉంటే పక్కన పెట్టేయండి. ఉలవలు పెట్టేవాళ్లు కూడా ఉడికించే పెట్టాలి.

ఇప్పుడు నేను కలిపేది వందకు ఇలా: నూనె తీసిన తవుడు 45, పల్లి చెక్క 20, ఉడికించి ఎండబెట్టిన సోయా 20, నువ్వుల చెక్క 10, మక్క పిండి 3, మినరల్ మిక్చర్ 2. ప్రోటీన్ 26, 27 దగ్గర ఉంటుంది. నువ్వుల చెక్క ఊరికే వేయలేదు, సోయాలో మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, నువ్వుల్లో ఎక్కువ. నువ్వుల్లో తక్కువైన లైసిన్ సోయాలో ఉంది. ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. సోయాలో నూనె ఉంటుంది కాబట్టి పట్టించిన పిండి రెండు వారాలకు మించి నిల్వ పెట్టను.

పత్తి చెక్క సంగతి

వరంగల్ చుట్టూ ఇది చౌకగా దొరుకుతుంది, అందుకే తవుడు తర్వాత చాలామంది చేయి దీని మీదికే పోతుంది. "బర్రెకు పెడితే పాలిస్తుంది, చేపకేమైతది" అంటారు. పత్తి గింజలో గాసిపాల్ అనే విషం ఉంటుంది, ఎదిగిన బర్రె నెమరువేసే పొట్టలో దాని తీవ్రత చాలా వరకు తగ్గిపోతుంది, చేపకు ఆ పొట్ట లేదు. పైగా గాసిపాల్ లైసిన్‌ని పట్టేసుకుంటుంది. పొట్టు తీయని చెక్క అయితే పీచు కూడా ఎక్కువ. మేతలో పదో వంతు దాటించకండి, గుడ్లు పెట్టే తల్లి చేపలకు అసలే వద్దు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు) కలిపితే విరుగుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు, ఇనుము గాసిపాల్‌ని కట్టేసే మాట నిజమే, కానీ చెక్కలో గాసిపాల్ ఎంతుందో తెలియకుండా అంచనాగా కలిపితే ఇనుమే ఎక్కువై కూర్చుంటుంది. తగ్గించి వాడటమే మేలు.

మిగతావి

బూజు పట్టిన మక్కలు, పల్లి చెక్క: ఎండబెట్టినా విషం పోదు, పారేయండి. గింజల మేతల్లో భాస్వరం చాలా వరకు ఫైటేట్ రూపంలో ఉండి చేపకు అందదు, భాస్వరం కోసం వేసే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) కన్నా ఎంసీపీ (మోనోకాల్షియం ఫాస్ఫేట్) దొరికితే అది వేయండి, ఆమ్లం ఊరని పేగులో అదే మెరుగ్గా కలుస్తుంది. ఒంటి మీద పేను కనిపిస్తే అది కంటికే తెలుస్తుంది, చికిత్స వేరు. "పిల్లల జాతి బాగాలేదు" అనే మాట చివర్లో చూద్దాం, నా దగ్గరికి వచ్చిన వాటిలో అలా తేలినవి చాలా తక్కువ.

మేత మార్చాక మొదటి తూకంలోనే పెద్ద తేడా కనిపించాలని చూడకండి. ముందు నీళ్ల ఆకుపచ్చ పలచబడుతుంది, తెల్లారి నోళ్లు తెరవడం తగ్గుతుంది. రెండో తూకానికి, అంటే నెలకు, రవ్వ అంకె కదలాలి. కదలకపోతే బస్తాలో చేయి పెట్టి, ఇప్పుడు వాడుతున్న పిండితోనే సీసా పరీక్ష మళ్లీ చేయండి, పొయ్యి దగ్గర అరగంటను ఎవరో పావుగంట చేసి ఉంటారు.