దేశ సైబర్ భద్రతను అంచనా వేసేటప్పుడు ముందు ఏం అడగాలి?

అభివృద్ధి చెందుతున్న ఒక దేశం సైబర్ భద్రతలో ఏ స్థాయిలో ఉందో తేల్చే పని మీ చేతికొస్తే, జాతీయ వ్యూహ పత్రాన్ని కాసేపు పక్కన పెట్టండి. చివరిసారి జరిగిన పెద్ద దాడి గురించి అడగండి. ముందు ఎవరు గమనించారు? ఎవరికి ఫోన్ చేశారు? ఆ ఫోన్ ఎవరైనా ఎత్తారా? సిస్టమ్‌లు మళ్లీ ఎన్నాళ్లకు పనిచేశాయి? సమీక్షకు వెళ్లిన ప్రతి చోటా నేను వీటితోనే మొదలుపెడతాను. పత్రంలో రాసుకున్నదానికీ, జరిగేదానికీ ఎంత తేడా ఉందో ఇక్కడే బయటపడుతుంది.

కొలవడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ కేంద్రం రూపొందించిన సీఎంఎం నమూనా ఉంది, సైబర్ భద్రతలో దేశం ఎంత పరిణతి సాధించిందో కొలిచే పద్ధతి అది. విధానం, సమాజం, నైపుణ్యాలు, చట్టాలు, సాంకేతిక ప్రమాణాలు అనే ఐదు కోణాల్లో, ఐదు స్థాయిల్లో దేశాన్ని చూస్తుంది. అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ఇచ్చే ప్రపంచ సైబర్ భద్రతా సూచీ కూడా ఉంది గానీ, అది ఇతర దేశాలతో పోల్చుకోవడానికే ఎక్కువ పనికొస్తుంది. ఏం చేయాలో తేల్చుకోవాలంటే సీఎంఎం మేలని నా అభిప్రాయం.

ఇంటర్వ్యూలకు అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి. పెద్ద అధికారి ఎదుట కింది ఉద్యోగి నోరు విప్పడు. పోలీసులు, బ్యాంకులు, టెలికాం సంస్థలు, ఆసుపత్రులతో విడివిడిగా మాట్లాడండి. సైబర్ దాడుల ఫిర్యాదులు అందుకుని స్పందించే జాతీయ సెర్ట్ బృందం దగ్గర మాత్రం మాటలతో సరిపెట్టుకోవద్దు. ఫిర్యాదుల రిజిస్టర్ తెరిపించి, ఇటీవలి కేసులు వరసగా చూడండి: ఎప్పుడు వచ్చింది, మొదటి జవాబు ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు మూసేశారు. "మూసేశాం" అని ఉండి, ఏం చేశారో రాయకపోతే ఆ స్థాయికి మార్కులు వేయకండి. వాళ్ల దగ్గరున్న బ్యాంకుల నంబర్ల జాబితాలోంచి ఒకదానికి అక్కడే ఫోన్ చేయించండి. వీలైతే సెలవు రోజున కూడా.

సెలవు ఎందుకంటారా? 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి 8.1 కోట్ల డాలర్లు కాజేసినవాళ్లు ఎంచుకున్నది వారాంతపు సెలవులనే.

ఇక భద్రతా సామర్థ్యాన్ని నిర్మించే పని. ఏ సేవలు ఆగితే దేశం ఆగుతుందో ముందు జాబితా రాయండి. కరెంటు, టెలికాం అందరికీ తడతాయి. పన్నులు, కస్టమ్స్ గుర్తుకురావు. 2022 ఏప్రిల్‌లో కోస్టారికాపై, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే కాంటి ముఠా చేసిన దాడిలో స్తంభించినవి అవే. మే 8న అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. ఆ నెలాఖరుకే మరో దాడి ఆరోగ్య వ్యవస్థను తాకింది. అందుకే జాబితాలోని ప్రతి సంస్థలోనూ బ్యాకప్ ఉందా అని అడగడంతో ఆగకండి, మీ ముందే ఒక సర్వర్‌ను దాన్నుంచి తిరిగి లేపమనండి.

దాతలు పరికరాలు ఇస్తామంటే సంతోషమే. కానీ మూడో ఏడాది లైసెన్సు డబ్బు ఎవరు కడతారో రాతపూర్వకంగా తేలాకే తీసుకోవాలి. అంతకంటే నన్ను బాధపెట్టేది మనుషుల సంగతి. శిక్షణ పూర్తయ్యేసరికి కుర్రాళ్లు ప్రైవేటు ఉద్యోగాలకు వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం, ప్రభుత్వ జీతాల స్కేలులో వాళ్ల పనికి తగిన హోదాయే ఉండదు. ఆ హోదాను, పదోన్నతి దారిని ఏర్పరచకుండా శిక్షణ కార్యక్రమాలకు ఖర్చు పెట్టొద్దని నివేదికలో గట్టిగా రాయండి.

ఆ నివేదిక ఐటీ శాఖకు ఇచ్చి వచ్చేస్తే సరిపోదు. బడ్జెట్ కసరత్తు మొదలవకముందే, ఒక్కో సిఫార్సుకు ఎంత ఖర్చవుతుందో, బాధ్యత ఎవరిదో రాసి, ఆర్థిక శాఖ అధికారుల చేతిలో పెట్టండి.