మైన్‌క్రాఫ్ట్ చెస్టుకి తాళం ఎలా వేయాలి, లూట్ ఎలా పట్టాలి

బెంగళూరులో బీటీఎం లేఅవుట్ పీజీ నుంచి ముగ్గురు, మారతహళ్లి నుంచి ఇద్దరు కలిసి ఆడుకోవడానికి ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టుకున్నారనుకోండి. రెండో వారం తిరగకముందే గ్రూపులో "నా వజ్రాలు ఎవడు తీశాడ్రా మామా?" అని మెసేజ్ పడుతుంది. తీసినవాడిని తిట్టి లాభం లేదు. ఈ ఆటలో సరుకు దాచుకునే పెట్టెని చెస్టు అంటారు. మామూలు చెస్టుకి యజమాని అంటూ ఉండడు, మూత తీసినవాడిదే సరుకు.

సరుకు మూడు దారుల్లో పోతుంది: మూత తీసి, చెస్టు పగలగొట్టి, కింద నుంచి లాగి. అందరూ మొదటిదానికే కాపలా కాస్తారు గానీ అసలు దొంగ దారి మూడోది. చెస్టు కింద తవ్వి ఒక హాపర్ (పైనున్న పెట్టెలోంచి సరుకు లాగే గరాటు), దాని కింద సరుకు చేరడానికి ఒక జంట చెస్టు (పక్కపక్కన కలిపి పెట్టిన రెండు చెస్టులు) పెడితే చాలు. హాపర్ తయారీకి ఖర్చు ఐదు ఇనుప కడ్డీలు, ఒక చెస్టు. పైనున్నవాటిని అది 0.4 సెకనుకి ఒకటి చొప్పున లాగేస్తుంది. జంట చెస్టులో 54 గళ్లూ 64 చొప్పున నిండి ఉన్నా, మొత్తం 3,456 వస్తువులు 23 నిమిషాల్లో ఖాళీ. మీరు సిల్క్ బోర్డ్ సిగ్నల్ దాటేలోపే పని అయిపోతుంది. అందుకే వారానికోసారి చెస్టు కింద తవ్వి చూడండి.

కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో, సర్వర్ నడిపే అడ్మిన్ డేటా కమాండ్‌తో చెస్టుకి లాక్ ట్యాగ్, అంటే తాళం గుర్తు, పెట్టొచ్చు. అందులో ఏ పేరు రాస్తే, అదే పేరున్న వస్తువు చేతిలో పట్టుకున్నవాళ్లకే మూత తెరుచుకుంటుంది. దాగలి మీద ఒక కర్రకి ఆ పేరు పెట్టుకుంటే అదే తాళంచెవి. అయితే పేరు తెలిసినవాడెవడైనా ఇంకో కర్రకి అదే పేరు పెట్టి డూప్లికేట్ చేసుకుంటాడు. పైగా ఈ తాళం చెస్టు పగలగొట్టడాన్ని ఆపదు, హాపర్‌నీ ఆపదు. ఆట 1.21.2 వెర్షన్ నుంచి ట్యాగ్ రాసే తీరు మారింది కాబట్టి పాత కమాండ్‌ని అలాగే అతికిస్తే పనిచేయదు.

సర్వర్‌లో లాకెట్ లాంటి ప్లగిన్ (సర్వర్‌కి అదనంగా జోడించే ప్రోగ్రామ్) ఉంటే పని సులువు. చెస్టుకి ఒక సైన్ (రాతపలక) తగిలించి, మొదటి లైన్లో స్క్వేర్ బ్రాకెట్ల మధ్య ప్రైవేట్ అని ఇంగ్లీషులో రాయాలి. రెండో లైన్ మీ పేరుకి, మూడు, నాలుగు లైన్లు మీరు నమ్మే ఇద్దరికి.

ప్లగిన్ లేకపోతే ఎండర్ చెస్టే దిక్కు. దాని తయారీకి మధ్యలో ఒక ఐ ఆఫ్ ఎండర్ అనే కన్ను, చుట్టూ ఎనిమిది అబ్సిడియన్ రాళ్లు. ఒకే పెట్టె తెరిచినా ఎవరి 27 గళ్లు వాళ్లకే కనిపిస్తాయి. కింద హాపర్ పెట్టినా ఏమీ రాలదు, పగలగొట్టినా లోపలి సరుకు చెక్కుచెదరదు. దాన్ని చోటు మార్చాలంటే మాత్రం సిల్క్ టచ్ (బ్లాకుని ఉన్నది ఉన్నట్టు తీసే మంత్రం) ఉన్న పికాక్స్ వాడండి, లేదంటే అబ్సిడియనే తిరిగొస్తుంది, ఐ పోతుంది. చోటు చాలకపోతే అందులో షల్కర్ బాక్సులు (సరుకుతో సహా మోసుకెళ్లగలిగే 27 గళ్ల పెట్టెలు) పేర్చండి. 27 బాక్సులు పెడితే 729 గళ్లు.

ఇక లూట్, అంటే ఆటే దాచిపెట్టిన సరుకు, సంగతి. గుహల్లో, కోటల్లో దొరికే చెస్టులో ఏముండాలో మొదటిసారి తెరిచినప్పుడే తేలుతుంది, ఖాళీ అయ్యాక మళ్లీ నిండదు. కాబట్టి ముందు వెళ్లినవాడిదే భాగ్యం. నెదర్ లోకంలోని బాస్టియన్ కోటలో పిగ్లిన్లు (పందిముఖం జీవులు) చూస్తుండగా చెస్టు ముట్టకండి. మామూలుగా వాటిని శాంతంగా ఉంచే బంగారు కవచం ఒంటి మీద ఉన్నా మీద పడతాయి.

గొడవ లేకుండా పంచుకోవాలంటే 2024 జూన్‌లో 1.21 వెర్షన్‌తో వచ్చిన ట్రయల్ చాంబర్లకే (నేల కింది పోరాట గదులు) వెళ్లండి. అక్కడి వాల్ట్ (బహుమతి పెట్టె) ఒక్కో ఆటగాడికి ఒక్కసారి తెరుచుకుంటుంది, తెరిచిన ప్రతిసారీ ఒక ట్రయల్ కీ ఖర్చవుతుంది. ఇంకో రకమైన ఓమినస్ వాల్ట్‌కి ఓమినస్ కీయే కావాలి, మామూలు కీ పట్టదు. శత్రువులను పుట్టించే ట్రయల్ స్పానర్‌ని ఓడిస్తే కీలు రావొచ్చు, ఆ తర్వాత అది 30 నిమిషాలు పడుకుంటుంది. చిక్కల్లా ఒక్కటే: స్పానర్ కీని, వాల్ట్ సరుకుని బయటికి విసిరేస్తాయి, నేల మీద పడ్డది ఎవరైనా ఏరుకోవచ్చు. ఇన్వెంటరీలో నాలుగైదు గళ్లు ఖాళీ చేసుకుని, పక్కనున్న బావని రెండడుగులు వెనక్కి జరగమని, అప్పుడు కీ తిప్పండి.