కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును సొంతంగా నేర్చుకోవడం ఎలా?

కంప్యూటర్‌లో తెలుగు రాసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఇంగ్లిషు అక్షరాల మీదుగానే రాస్తున్నారు. ఇంగ్లిషులో కొడితే తెలుగులోకి మారిపోతుంది. నాలుగు మాటల మెసేజికి అది చాలు. కానీ వార్తలు రాసే విలేఖరికి, ప్రశ్నపత్రం తయారుచేసే టీచరుకి, ఆఫీసులో రోజూ తెలుగు ఉత్తరాలు కొట్టే ఉద్యోగికి, కథలు రాసుకునేవారికి అది సరిపోదు. 'ళ' కావాలంటే పెద్ద ఎల్, 'ణ' కావాలంటే పెద్ద ఎన్ అంటూ ప్రతి మాటనీ మనసులో ఇంగ్లిషు స్పెల్లింగులోకి మార్చుకుంటూ పోవాలి. మాటను ఊహించి చూపించే కీబోర్డులైతే ఊళ్ల పేర్ల దగ్గర, ఇంటిపేర్ల దగ్గర, మాండలికం మాటల దగ్గర తడబడతాయి. పేజీలకు పేజీలు రాసేవారు ఇన్‌స్క్రిప్ట్, అంటే ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరాన్నే ఇచ్చిన కీబోర్డు అమరిక, నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. మన వర్ణమాల తెలిస్తే అందులో సగం వచ్చినట్టే. ఇనిస్టిట్యూట్‌కి వెళ్లక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

ఏ కీబోర్డు ఎందుకు?

టైపు ఇనిస్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైనవారికి తెలిసింది టైపురైటర్ కీబోర్డు. డీటీపీ షాపుల్లో పనిచేసినవారికి అలవాటైంది అను ఫాంట్లు, వాటి యాపిల్ కీబోర్డు లేదా మాడ్యులర్ కీబోర్డు. ఆ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో ఎన్నో పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు అందంగా తయారయ్యాయి. వాటితో ఒక్కటే చిక్కు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీద తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే, లేదా అందులోని వాక్యాన్ని మెయిల్‌లో పేస్టు చేస్తే, అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. ఇంటర్నెట్‌లో వెతికినా దొరకదు.

ఇన్‌స్క్రిప్ట్‌తో కొడితే అక్షరాలు యూనికోడ్‌లో పడతాయి. అది ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంకేతం ఇచ్చిన ప్రమాణం, అందులో 'క'కు ప్రపంచమంతటా ఒకే సంకేతం. 1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఇన్‌స్క్రిప్ట్ అమరికను ప్రమాణంగా ఇచ్చిందీ అదే ఏడాది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇది ముందే ఉంటుంది. మనం ఆన్ చేసుకోవాలి, అంతే.

విండోస్‌లో ఆన్ చేసుకోవడం

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కి వెళ్లండి. యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి, తెలుగును ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి. తర్వాతి తెరలో డిస్‌ప్లే లాంగ్వేజ్‌గా పెట్టమంటారా అని ఒక టిక్ పెట్టె కనిపిస్తుంది. మెనూలన్నీ తెలుగులో కావాలనుకుంటే తప్ప అక్కడ టిక్ పెట్టకండి. ఇన్‌స్టాల్ అయ్యాక తెలుగు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో కీబోర్డుల జాబితా చూడండి. ఫొనెటిక్ అని రాసి ఉన్నది మనకు కావాల్సింది కాదు, ఆ మాట లేని తెలుగు కీబోర్డును ఉంచుకోండి.

ఇక ఇంగ్లిషు నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లిషుకి మారాలంటే విండోస్ కీ పట్టుకుని స్పేస్‌బార్ నొక్కాలి. టాస్క్‌బార్‌లో కుడివైపు భాష గుర్తు మారుతుంది. ఉబుంటులో అయితే సెట్టింగ్స్‌లోని కీబోర్డు పేజీలో ఇన్‌పుట్ సోర్సెస్ కింద ప్లస్ గుర్తు నొక్కి తెలుగు చేర్చుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కండి. తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. భాష తెలుగులో ఉంటే దాని మీద తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. షిఫ్ట్ నొక్కితే అవే కీల మీద ఉండే రెండో అక్షరాలు కనిపిస్తాయి. మొదట్లో ఇదే మీ గైడు. కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించుకోవద్దు. స్టిక్కరుంటే చూపు ఎప్పటికీ వేళ్ల మీదే ఉంటుంది. బొమ్మ తెర మీదుంటే తల ఎత్తి కొట్టడం మొదటిరోజే అలవాటవుతుంది.

అమరికలోని తర్కం

ఇది అర్థమైతే బట్టీ పట్టాల్సింది చాలా తగ్గిపోతుంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఎడమచేతి వైపు అచ్చులు, కుడిచేతి వైపు హల్లులు. మధ్య వరుసలో కుడివైపు హెచ్ మీద ప, జె మీద ర, కె మీద క, ఎల్ మీద త, సెమీకోలన్ మీద చ, దాని పక్క కొటేషన్ కీ మీద ట. వాటికి సరిగ్గా పై కీలు చూడండి. ప పైన బ, క పైన గ, త పైన ద, చ పైన జ, ట పైన డ. ఇవే కీలను షిఫ్ట్‌తో కొడితే ఒత్తక్షరాలు వస్తాయి: క కీ మీద ఖ, గ కీ మీద ఘ, త మీద థ, ద మీద ధ, ప మీద ఫ, బ మీద భ. అంటే క చోటు తెలిస్తే ఖ, గ, ఘ మూడూ తెలిసినట్టే. బడిలో పలక మీద దిద్దిన వర్గాలు ఇక్కడ నిలువుగా నిలబడ్డాయి.

ఎడమవైపు కూడా అంతే. డి మీద పొల్లు, ఎఫ్ మీద గుడి, జి మీద కొమ్ము. వాటి పై కీలైన ఇంగ్లిషు ఇ, ఆర్, టి మీద వరుసగా దీర్ఘం, గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం. ఎస్ మీద ఏత్వం, ఎ మీద ఓత్వం, వాటి పైన డబ్ల్యూ మీద ఐత్వం, క్యూ మీద ఔత్వం. షిఫ్ట్ లేకుండా కొడితే గుణింతం గుర్తు, షిఫ్ట్‌తో కొడితే విడి అచ్చు. ఎఫ్ కొడితే గుడి, షిఫ్ట్ ఎఫ్ కొడితే తెలుగు ఇ. షిఫ్ట్ డి కొడితే అ, షిఫ్ట్‌తో ఇంగ్లిషు ఇ కొడితే ఆ. ఎత్వం అడుగు వరుసలో జెడ్ మీద ఉంటుంది. ఒత్వం కాస్త దూరంగా, ఒకటి అంకె పక్కన ఎడమ చివరి కీ మీద ఉంటుంది.

అడుగు వరుసలో ఎక్స్ మీద సున్న, సి మీద మ, వి మీద న, బి మీద వ, ఎన్ మీద ల, ఎం మీద స. చివర్లో స్లాష్ కీ మీద య. పై వరుసలో యు మీద హ. షిఫ్ట్‌తో మ కీ ణ ఇస్తుంది, ల కీ ళ ఇస్తుంది, స కీ శ ఇస్తుంది, కామా కీ ష ఇస్తుంది. వట్రసుడి ఈక్వల్ గుర్తు కీ మీద ఉంటుంది. విసర్గ, ఙ, ఞ లాంటివి అవసరమైనప్పుడు తెర మీద చూసుకోండి, ముందే నేర్చుకోనక్కర్లేదు.

ఇంకో లాభం. హిందీ, కన్నడం, మలయాళం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుల్లో కూడా క ఉండేది కె మీదే. హైదరాబాద్‌లో హిందీ, బెంగళూరులో కన్నడం కొట్టాల్సి వచ్చే తెలుగువారికి ఆ లిపి చదవడం వస్తే చాలు, వేళ్లకు దారి ముందే తెలుసు.

మొదటి వారం: ఒక్క వరుసతోనే

ఎఫ్, జె కీల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది. ఎడమ చూపుడువేలు ఎఫ్ మీద, కుడి చూపుడువేలు జె మీద పెట్టి, మిగతా వేళ్లు పక్కపక్క కీల మీద వాల్చండి. ఇప్పుడు ఎడమ చూపుడువేలు కింద గుడి, కుడి చూపుడువేలు కింద ర. ఎడమ మధ్యవేలు కింద పొల్లు. వత్తులన్నీ ఆ వేలి పనే.

ఈ ఒక్క వరుసలోని అక్షరాలతోనే బోలెడు మాటలు వస్తాయి: కోట, తోట, పేట, తోక, కోతి, పేరు, చోటు, చుక్క, పట్టు, చిట్టి, కర్త. షిఫ్ట్ కలిపితే ఏరు, ఓటు, ఇటు. ఈ మాటల్నే ఒక్కోటి ఒక్కో లైను నిండా కొట్టండి. వేగం చూసుకోవద్దు. తప్పు పడితే సరిదిద్దుకుని, ఆ మాటను ఇంకాస్త నెమ్మదిగా కొట్టండి. రోజుకు అరగంట చాలు, కానీ రోజూ కూర్చోవాలి. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా రోజులు వదిలేస్తే వేళ్లు మరిచిపోతాయి.

ఈ వరుస వేళ్లకు వచ్చాక పై వరుసకు వెళ్లండి: గుడి, బడి, గాజు, దారి, హారతి, బాతు. తర్వాత అడుగు వరుస. షిఫ్ట్ అక్షరాలు చివరికి. షిఫ్ట్ ఎప్పుడూ అక్షరానికి ఎదురుచేతి వైపున్నది నొక్కాలి. ఖ కొట్టాలంటే ఎడమ షిఫ్ట్, ఇ కొట్టాలంటే కుడి షిఫ్ట్.

వత్తుల దగ్గర తికమక పడకుండా

కొత్తవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. 'పిల్లి' అని చేత్తో రాసేటప్పుడు మనం 'లి' రాసి, కింద ల వత్తు పెడతాం. కీబోర్డు మీద ఆ వరుస పనికిరాదు. నోటితో పలికే వరుసలో కొట్టాలి: ప, గుడి, ల, పొల్లు, ల, గుడి. హల్లు, పొల్లు, రెండో హల్లు, ఆ తర్వాతే గుణింతం గుర్తు. గుడి ముందే పడితే వత్తు సరిగ్గా అతకదు, ఒక్కోసారి చుక్కల వలయం కనిపిస్తుంది.

'స్త్రీ' కొట్టి చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరు కీలు, తెర మీద ఒక్క అక్షరం. క్రావడికి వేరే కీ వెతకనక్కర్లేదు, క తర్వాత పొల్లు, ర కొడితే క్ర. 'సూర్యుడు'లో ర ముందుంటుంది: స, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు, య, కొమ్ము, డ, కొమ్ము. 'కృష్ణ' అంటే క, వట్రసుడి, ష, పొల్లు, ణ. 'క్ష'కు క, పొల్లు, ష. 'ఆంధ్ర'కు ఆ, సున్న, ధ, పొల్లు, ర. 'తెలంగాణ'లో వత్తే లేదు: త, ఎత్వం, ల, సున్న, గ, దీర్ఘం, ణ.

దిద్దుకునేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి. బ్యాక్‌స్పేస్ సాధారణంగా చివరి కీ ఫలితాన్ని మాత్రమే చెరిపేస్తుంది. 'స్త్రీ'లో గుడిదీర్ఘం బదులు గుడి పడితే ఒక్క బ్యాక్‌స్పేస్ కొట్టి సరైన గుర్తు పెట్టుకోవచ్చు, అక్షరమంతా మళ్లీ కొట్టక్కర్లేదు. డిలీట్ కీ మాత్రం కర్సర్ తర్వాతున్న అక్షరాన్ని వత్తులతో సహా తీసేస్తుంది.

'సాఫ్ట్వేర్' కాదు, 'సాఫ్ట్‌వేర్'

ఇంగ్లిషు నుంచి వచ్చిన మాటల్లో పొల్లు పొల్లుగానే నిలబడాలి. మామూలుగా కొడితే ట్ తర్వాతి వ వత్తుగా కిందికి దిగిపోతుంది. రెండింటి మధ్యా కంటికి కనిపించని ఒక అడ్డు పెట్టాలి. ఎంఎస్ వర్డ్‌లో దీనికి సులువైన దారి ఉంది. పొల్లు కొట్టాక ఇంగ్లిషు కీబోర్డుకి మారి, రెండు, సున్నా, సున్నా, సి అని వరుసగా కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. కొట్టిన నాలుగూ మాయమై ఆ అడ్డు వస్తుంది. మళ్లీ తెలుగుకి మారి మిగతా మాట పూర్తిచేయండి. ఫేస్‌బుక్, రాజ్‌కుమార్, పోస్ట్‌మ్యాన్ లాంటివన్నీ ఇంతే. కొందరు బద్ధకించి మధ్యలో స్పేస్ పెడతారు. అప్పుడు మాట రెండు ముక్కలై, లైను చివర విరిగిపోతుంది, వెతికితే దొరకదు. ఇది అలవాటు చేసుకోవద్దు.

తర్వాత ఏం కొట్టాలి?

అన్ని వరుసలూ ఒక మోస్తరుగా వచ్చాక ఒక్కో మాటనే లైను నిండా కొట్టడం ఆపేయండి. దినపత్రికలో ఒక వార్త తీసుకుని చూసి కొట్టండి. పేపర్లో అంకెలు, పేర్లు, ఇంగ్లిషు మాటలు అన్నీ కలిసి వస్తాయి కాబట్టి వేళ్లకు అసలైన పని దొరుకుతుంది. మీకు నోటికి వచ్చిన పద్యాలు కొట్టండి. చూడాల్సిన కాగితం లేదు కనుక చూపు తెర మీదే నిలుస్తుంది, పద్యాల్లో వత్తులూ వట్రసుడులూ దండిగా ఉంటాయి.

నా దృష్టిలో వీటన్నిటికంటే మంచి అభ్యాసం తెలుగు వికీసోర్స్. కాపీరైటు తీరిన పాత పుస్తకాల స్కాన్ పేజీలు అక్కడుంటాయి. పేజీ బొమ్మ ఒకవైపు, దాని పాఠ్యం మరోవైపు చూపిస్తారు. బొమ్మను చూస్తూ పాఠ్యంలో తప్పులు దిద్దాలి, కొన్నిచోట్ల మొత్తం కొట్టాలి. మీ చేతికి అలవాటు, పదిమందికి చదువుకునే పుస్తకం. అరసున్న కూడా అక్కడే పరిచయమవుతుంది, అది షిఫ్ట్ ఎక్స్.

కొట్టింది చూడటానికి బాగుండాలంటే ఫాంట్ మార్చుకోండి. విండోస్‌తో నిర్మల, గౌతమి వస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన లాంటివి ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం పేజీకి మండలి లాంటి నిదానమైన ఫాంట్, శీర్షికకు రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్ నప్పుతాయి. వర్డ్‌లో లైన్ల మధ్య దూరం ఒకటిన్నర పెట్టండి. ఇంగ్లిషుకు సరిపోయే దూరంలో తెలుగు వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

ఎక్సెల్‌లో పేర్ల జాబితా కొట్టి సార్ట్ చేసి చూడండి, అకారాది క్రమంలో అమరుతుంది. యూనికోడ్‌లో కొట్టడం వల్ల వచ్చిన సౌకర్యమిది. ఓటర్ల జాబితాలు, హాజరు పట్టీలు, సంఘం సభ్యుల పేర్లు రాసేవారికి ఇదొక్కటే ఎంతో పని తగ్గిస్తుంది.

అను ఫాంట్లలో పాత ఫైళ్లున్నవారు వాటిని మళ్లీ కొట్టక్కర్లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మార్చేముందు అసలు ఫైలుకు ఒక కాపీ తీసిపెట్టుకోండి. మార్చాక క్రావడి ఉన్న మాటలు, రెండు వత్తులున్న మాటలు, ఇంగ్లిషు అంకెలు ఒకసారి కంటితో చూసుకోండి. తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. ఒకే రకం తప్పు పదేపదే కనిపిస్తే కంట్రోల్ హెచ్ నొక్కి, తప్పు రూపం పైపెట్టెలో, సరైన రూపం కిందిపెట్టెలో తెలుగులోనే కొట్టి ఒక్కోటి చూసుకుంటూ మార్చండి. రీప్లేస్ ఆల్ నొక్కితే బాగున్న మాటలు కూడా పాడవవచ్చు.