జిల్లేడాకు తెంపే ముందు

వానలు పడగానే పిల్లలు సీతాకోకచిలుకల ప్రాజెక్టులు మొదలుపెడతారు. మొన్న మా వీధిలో ఒక పాప గొంగళి పురుగుల కోసం జిల్లేడాకులు తెంపి, అదే చేత్తో కన్ను నులుముకుంది. నొప్పి లేదంది, ఇంట్లోవాళ్లు వదిలేశారు. తెల్లారేసరికి ఆ కంటి చూపు మసకబారిపోయింది.

పిల్లలు ఎక్కువగా పెంచేది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకని. ఆఫ్రికాలో దీన్నే ఆఫ్రికన్ క్వీన్ అంటారు. ఈజిప్టు నుంచి దక్షిణాఫ్రికా దాకా బయళ్లలో, పొలం గట్ల మీద ఎగురుతుంది; మన దగ్గరా అలాంటి చోట్లే. జిల్లేడాకుల అడుగున ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు ఆ ఆకు తిని, విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. దాన్ని మింగిన పిట్ట కక్కేస్తుంది, మళ్లీ జోలికి రాదు. ఆ పురుగు మనల్ని కుట్టదు, దాన్ని చూసి భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఆకు పాలకే.

ఇక్కడ చేసే పెద్ద తప్పు ఒకటుంది: నొప్పి లేదు కదా అని ఊరుకోవడం. జిల్లేడు పాలు కంటిని మొద్దుబారుస్తాయి. అందుకే చాలామందికి నొప్పి తెలియదు. ఈలోగా కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, వాచిపోతుంటుంది. దాని లోపలి పొరలో కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. నొప్పి లేదంటే ఏమీ కాలేదని కాదు!

ఆకులు పెద్దవాళ్లే తెంపాలి, చేతికి గ్లౌజు, కంటికి కళ్లజోడు పెట్టుకుని. లాగి తెంపితే పాలు చిమ్ముతాయి, కత్తెరతో కోయండి. కోసిన ఆకుని పాలు కారడం ఆగేదాకా పక్కన పెట్టండి. తర్వాత సబ్బుతో చేతులు కడగాలి, కత్తెర కూడా. మందు కొట్టిన చేల పక్క ఆకులు వద్దు, పురుగులు చస్తాయి. ఆకు, పాలు నోట్లోకి పోనివ్వొద్దు, ఆ విషం గుండె మీద పనిచేస్తుంది. వినాయక చవితి పత్రికి తెంపేవాళ్లకూ ఇవే జాగ్రత్తలు.

కంట్లో పడిందా? వెంటనే మంచినీళ్లతో కడగండి, పావుగంటకు తగ్గకుండా. నులమొద్దు. ఆముదం వద్దు, తేనె వద్దు, చనుబాలు వద్దు. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వెయ్యొద్దు. నొప్పి లేకపోయినా అదే రోజు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. జిల్లేడు పాలు పడ్డాయని పేరు పెట్టి చెప్పండి. మళ్లీ చెబుతున్నా, నొప్పి లేదని రేపటికి వాయిదా వెయ్యొద్దు.