మధ్యాహ్నం చేప మేత ముట్టడం లేదా? పిహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) ఏ వేళ చూశారు?

కైకలూరు, ఆకివీడు వైపు శీలావతి, బొచ్చె చేపల చెరువుల్లో ఎండలు ముదిరాక ఎక్కువగా వినిపించే సమస్య ఇదే. చెరువులో వేలాడదీసిన మేత సంచుల్లో తవుడు, నూనెగింజల చెక్క అలాగే మిగిలిపోతాయి. చేప గట్టు వెంబడి మందకొడిగా తిరుగుతుంది. జియోలైట్ (అమ్మోనియా పీలుస్తుందని చల్లే ఖనిజ పొడి) వేశాం, విటమిన్ కలిపాం, సున్నం చల్లాం అని వరసగా చెబుతారు. చేప ఏ వేళకు తేడాగా ఉందో మాత్రం అడిగితే తప్ప చెప్పరు.

తెల్లవారుజామున తేలి నోరు తెరుస్తూ, ఎండ ఎక్కాక సర్దుకుంటే అది ఆక్సిజన్ లోపం. ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) అర్ధరాత్రి దాటాక ఆన్ చేయండి, ఆ రోజు మేత ఆపండి. దీనికి ఇంతకన్నా చర్చ అనవసరం.

పొద్దున బాగుండి, మధ్యాహ్నం 2 దాటాక మేత వదిలేస్తే మాత్రం అమ్మోనియాను (చేప విసర్జన, మిగిలిన మేత నుంచి నీటిలో చేరేది) అనుమానించండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పొద్దున్నే నీళ్లు పట్టుకెళ్లి టెస్ట్ చేయిస్తారు, పిహెచ్ 7.6 వస్తుంది, 'అంతా బాగుంది' అని నిశ్చింతగా ఉంటారు. అదే చెరువులో 3 గంటలకు చూస్తే 9 దాటి ఉండొచ్చు. చిక్కటి ఆకుపచ్చ నీటిలోని నాచు ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది, దాంతో పిహెచ్ పైకి పోతుంది.

టెస్ట్ కిట్ చూపేది మొత్తం అమ్మోనియా. అందులో చేపకు విషమయ్యే భాగం ఎంతన్నది పిహెచ్ తేలుస్తుంది. మన ఎండాకాలపు నీటిలో పిహెచ్ 7.5 దగ్గర అది నూటికి 2, 3 వంతులే. 9 దగ్గర 40 వంతులు దాటుతుంది. కిట్ రంగు పొద్దునా సాయంత్రమూ ఒకటే, చేప పరిస్థితి మాత్రం వేరు. అందుకే పిహెచ్ రెండు పూటలా చూడాలి, అమ్మోనియా సాయంత్రం చూడాలి.

ఇప్పుడు చేయకూడని పని గుల్ల సున్నం చల్లడం. అది పిహెచ్‌ను ఇంకా ఎగదోస్తుంది. 'నీళ్లు పాడయ్యాయి కదా, సున్నం వేద్దాం' అనేవాళ్లను ఆపడమే సగం వైద్యం. యూరియా, కోళ్ల పెంట కూడా బంద్. మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్) నాచునంతా ఒకేసారి చంపితే రాత్రికి ఆక్సిజన్ పడిపోయి మరో టెన్షన్ మొదలవుతుంది.

మేత రెండు రోజులు పూర్తిగా ఆపండి. సంచి పైకి లాగి చూడండి, తవుడు పులిసి వాసన కొడుతుంటే గట్టు మీద పారబోయండి, చెరువులో దులపకండి. కాలువలో మంచి నీరు ఉంటే అడుగు నీళ్లు తీసి అంతే పెట్టండి. కాలువలు కట్టేసిన రోజులైతే ఏరియేటర్లు, మేత ఆపడమే దిక్కు. పెద్ద చెరువులో నాలుగు బస్తాల జియోలైట్‌తో అయ్యేది షాపువాడి బేరమే.

ఇక మిగతా కారణాలు. పేను, ఎర్రమచ్చలు ఉన్నాయేమో వల వేసి నాలుగు చేపలు తిప్పి చూస్తే తెలిసిపోతుంది. వరి చేల మందు నీళ్లు చెరువులోకి దిగడమూ ఒక కారణం కావచ్చు. అలా ఎక్కువగా దిగితే చేప మందగించడంతో ఆగదు, ఒక్కసారిగా చావొచ్చు.

మధ్యాహ్నం పిహెచ్ 8.5 లోపు దిగి, చేప సంచుల దగ్గరకు రావడం మొదలుపెట్టాక సగం మేతతో, అదీ పొద్దున పూటే, మళ్లీ పెట్టండి.